సగం గేదె పాలు

ఏందీ, ఈ పాక, ఈ గేదెలు ఎట్టా మొదలయ్యాయనా? ఆ ఫోను అక్కడ పెట్టి ఇట్టా దగ్గరికొచ్చి కూర్చో. మీ తాతయ్య ఉంటే తన గొప్పలే చెప్పుకునేవాడు. అసలు పని నాదమ్మా.

డెబ్బైల్లో మాట. మీ అమ్మ అప్పటికింకా పుట్టలా... కాదు కాదు, పుట్టింది, చంకలో ఉంది. మనకి సెంటు భూమి లేదు. ఉయ్యూరు పక్కన వెంకాయమ్మ గారి చేలో చెరుకు నరకను పోయేవాళ్ళం నేనూ మీ తాతయ్యా. ఆవిడ దొడ్లో ఒక గేదె పెయ్య ఉండేది. ఎముకలు లెక్కపెట్టొచ్చు, కళ్ళనిండా పుసులు. ఇక బతకదులే అని నాకు పాలికిచ్చింది. పాలికంటే, దూడ వాళ్ళది, మేపు మనది, పెద్దదయ్యాక చెరి సగం. మీ తాతయ్య నవ్వాడు, చచ్చేదాంట్లో సగం నీకెందుకే అని.

నేనూరుకుంటానా? చెరుకు నరికాక పైన పచ్చటి మొవ్వు మిగులుద్ది చూడు, అది మోపు కట్టి నెత్తిన పెట్టుకొచ్చేదాన్ని. ఇంట్లో గంజి దానికే. తవుడు అప్పుడు పావలా పెడితే తట్టెడొచ్చేది, ఇప్పుడు బస్తా ధర వింటే గుండె ఆగుద్ది. పాస్టరు గారిని పిలిచి దాని మీద ప్రార్థన కూడా చేయించా. గేదెకి ప్రార్థనేందే అని మీ తాతయ్య సిగ్గుతో చచ్చాడు. పాస్టరు గారు మాత్రం చక్కగా దాని నెత్తిన చెయ్యి పెట్టి చేశారు. అది ఆయన కండువా నమిలిందనుకో, అది వేరే సంగతి.

ఏం చెప్తున్నా... ఆ, బతికింది. నిగనిగలాడతా ఎదిగి ఈనింది. చెంబు నిండా నురగ. మరి ఆ పాలు ఎవరికి పొయ్యాలి? మన పేటలో కొనేవాళ్ళు లేరు. ఊళ్ళోవాళ్ళు మన చేతి మంచినీళ్ళే తాగని రోజులవి. పాలు అమ్ముడుపోకపోతే దానికి తవుడెక్కణ్ణించి తెస్తాం? వెంకాయమ్మ గారు గేదెని తోలుకుపోతానని కూర్చుంది.

అప్పుడే ఊళ్ళో పాలకేంద్రం పెట్టారు. నేనే పోయా, మీ తాతయ్య రాలా. వరసలో నిలబడ్డా. నా వంతు వచ్చేసరికి వెనకాల ఒకాయన, ఎవరో ఎందుకులే, పోయాడు పాపం, ‘వాళ్ళ పాలు మన క్యానులో పొయ్యొద్దయ్యా’ అన్నాడు. గుమాస్తా చెయ్యి ఆగిపోయింది. ఎండ ఎక్కుతోంది, లారీ వచ్చే వేళ. నేను మాత్రం పక్కకి జరగలా.

వెంకాయమ్మ గారు ముందే పోసి అరుగు మీద కూర్చుంది. అక్కణ్ణించే అంది, ‘ఏవయ్యా, ఆ గేదెలో సగం నాది. ఆ చెంబులో నా సగం ఏదో తేల్చి క్యానులో పొయ్యి, తర్వాత దాని సగం సంగతి చూద్దువుగాని.’

ఎవరు తేలుస్తారమ్మా పాలల్లో? గుమాస్తా గబుక్కున వంచేశాడు. అందరి పాలల్లో పడ్డాయి. ఇక ఏరుకోమను.

నా మీద ప్రేమతో అనలేదులే ఆవిడ, తన వాటా ఎక్కడ పోద్దోనని. అయినా అంది, ఆ మాట మర్చిపోను. కానీ నాకు ఆనందమైన రోజు అది కాదు, తెలుసా. ఆ రోజు నాకు చిన్నతనంగానే ఉంది. ఆవిడ సగం లేకపోతే నా సగం నేలపాలేగా.

రెండో ఈత అయ్యాక పంపకం పెట్టుకున్నాం. ఈనిన దూడలు రెండూ ఆవిడకి, గేదె నాకు. మర్నాడు పొద్దున్నే పాలకేంద్రానికి పోయా. ఆవిడ రాలేదా రోజు. అప్పుడు పొయ్యొద్దన్నాయన మాత్రం నా ముందే ఉన్నాడు, వెనక్కి తిరిగి నా చెంబులోకి చూశాడు. ‘మొత్తం గేదె నాదేనండి ఇప్పుడు’ అన్నా, అడక్కుండానే. గొంతు పైకే వచ్చింది. ఆయన అటు తిరిగి తన పాలు పోసుకుని పోయాడు. ఆయనవి పోసిన క్యానులోనే నావీ పోశా.

ఇంటికొచ్చి గేదె మెడ పట్టుకుని ఏడ్చా. ఇదిగో, ఈ పాకలో ఉన్నవన్నీ దాని సంతానమే.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ. ఎక్కడ వరసలో నిలబడ్డా పక్కకి జరగమాకు. ఆ పాలు తాగు, మీగడ కట్టేస్తోంది...