అడ్డం చెప్పని బావ

హలో… బావా, నేనే. ఆ, నేనే, నాగరాణిని. పెట్టెయ్యకున్రి, జర వినున్రి.

కోదాడ కోర్టు కాడున్న… అవును, మీరు నా మీద ఏసిన కేసుకే. కొట్లాటకు ఫోన్ చెయ్యలే బావా. ఒక్క మాట అడుగుదామని…

గదే, కౌంటర్. నా జవాబు ఇయ్యాల్టికి కోర్టుల ఇయ్యాలె. ఇయ్యకుంటె ఇగ నా మాటే వినరంట, మేళ్లచెరువు పొలం మీదేనని రాసిస్తరంట. మా లాయరమ్మ శ్రీవాణి మేడం లేదా… నిన్న సూర్యాపేట దవాఖానల పడ్డది. ఆపరేషనట.

అందుకే రెండు వారాలు టైం అడుగుతున్నం. మేడం జూనియర్ రవీందర్ సారు లోపల నిలబడ్డడు. అవతలోళ్ళు అడ్డం చెప్పకుంటె జడ్జి ఇస్తడట. మీరు మీ లాయర్‌కు ఒక ఫోన్ కొట్టి…

ఏందీ?

చెప్పిన్రా? … పొద్దుగాలే?

నేనడగక ముందే… మేడం దవాఖానల ఉన్నదని మీకెట్ల ఎరుక బావా?

ఓ… లాయర్ల ముచ్చట లాయర్లకు తెలుస్తదా. అంతే, అంతే.

బావా, మీకు దండం పెడ్త. నిన్నటిదాన్క ఎన్ని తిట్టుకున్ననో మిమ్ముల. మీ తమ్ముడు పోయినంక నా మొకం చూడకపోతిరి. పొలంల పాలు లేదంటిరి. ఆయన ఆ మడిల నాగలే కట్టలేదని కేసేస్తిరి. కడుపుల మంట ఉండదా మరి? ఇప్పుడు గిట్ల పెద్దమనసు చేస్తరని… ఏడుస్తలే. లే బావా, ఏడుస్తలే.

బిడ్డనా? అనూష నా పక్కకే ఉంది. ఇద్దరం ఫస్టు బస్సుకే వచ్చినం.

పొలం కాడనా? … ఎవరుంటరు బావా. మా జీతగాడు సైదయ్య ఉంటడు గాని, వడ్లేసుకోని మిర్యాలగూడ మిల్లుకు పోయిండు. గాడ లారీలు లైన్ కట్టినయట, మాపుదాన్క రాడు. … లేదు, ఎవ్వరు లేరు. ఎందుకు?

ఊకెనే అడిగిన్రా. మంచిది.

జవాబుల ఏం రాస్తున్నమా? … మీ కాడ దాచుడెందుకు, ఉన్నదే రాస్తం. మీ తమ్ముడి సమాధి ఆ మడిలనే ఉంది కదా. పరాయోళ్ళ పొలంల మన మనిషిని పెట్టనిస్తరా ఎవరన్న? గదే మేడం మాట. పొలం చూసొచ్చెటందుకు కోర్టు కమిషనర్‌ను పంపుమని జడ్జిని అడుగుతదట. ఆయనొచ్చి సమాధిని కండ్లార చూసి జడ్జికి రాసిస్తడట.

ఎప్పుడా? జవాబు ఏసినంకనే. అంటె ఇగ ఈ రెండు వారాలు అయినంక.

ఆ… ఆ, అప్పటిదాన్క ఎవ్వరు రారు.

బావా, నవ్విన్రా?

దగ్గా. పైలం మరి. యాడున్నరు, బాగ సప్పుడొస్తుంది? … సూర్యాపేటలనా? కండ్ల డాక్టర్ కాడికా. అక్క గూడ వచ్చిందా? … రోడ్డు మీది బండ్లా. ఆ, హైవే కాడ అట్లనే ఉంటది.

జర ఆగున్రి.

బావా… ఆ సైరనేంది?

అంబులెన్స్ కాదు బావా. అంబులెన్స్ మోత నాకు ఎరుక లేదా, మీ తమ్మున్ని అండ్లనే తీస్కపోలేదా! ఇది ఆగి ఆగి మోగింది. మన పొలం పక్క గనిది. రాయి పేలుస్తున్నం, దూరం పోన్రని మోగిస్తరు. ఆ సైరన్ విన్నంకనే ఆయన సద్ది విప్పేటోడు.

మీరు సూర్యాపేటల లేరు.



ఆ బర్రుమనేది బండి కాదు. జేసీబీ అది. మన మడిల జేసీబీకి ఏం పని బావా?

గట్లు సాపు చేపిస్తున్నరా. ఏ గట్లు? … ఆగున్రి. ఆ డ్రైవర్ ఏమంటుండు?

నీలం బండలు యాడ పడెయ్యాల్నంటుండు…

నీలం బండలు.

బావా, ఆ బండలు సమాధి మీద నేను ఏయించినయి. ఇదే కోదాడల కొని, పలుగుతయేమోనని ఆటోల నా ఒడిల పెట్టుకోని తెచ్చిన. … ఆపు. ఆపుమని చెప్పు వానికి! గాడ పండుకున్నది నీ తమ్ముడు! ఆ బొందల మొదటి పిడికెడు మన్ను ఏసింది నువ్వే కదా… నీ చేతులతోని ఏసి, ఇప్పుడు నువ్వే తవ్విస్తున్నవా? పెత్రమాసకు గాడ బువ్వ పెడితె నా పక్కకే నిలబడి దండం పెట్టినవ్ కదా…

నా నోటితోనే చెప్పిన. ఎవ్వరు లేరని నేనే చెప్పిన గద నీకు.

వద్దు! నాకు టైం వద్దు. నీ లాయర్‌కు ఫోన్ కొట్టు, అడ్డం చెప్పుమను. ఇయ్యాల్నే కమిషనర్ రావాలె, ఇప్పుడే రావాలె…

అనూషా, లోపలికి ఉరుకు! రవీందర్ సారుకు చెప్పు, టైం అడగొద్దని చెప్పు—

ఏంది సార్? … నవ్వుకుంట వస్తున్నరేంది…

ఇచ్చిన్రా?

బావా… ఇచ్చిన్రంట. రెండు వారాలు.

హలో… బావా… ఆ బండలన్న పడెయ్యకు… హలో…