దుర్గాబాయి మేడమ్‌కు పడ్డ మెమో

ఈ సభకు అధ్యక్షత వహించిన మా కరస్పాండెంట్ వెంకటేశ్వరరావు గారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, తోటి టీచర్లకు, పనులిడిచిపెట్టి మేడ్చల్ నుంచి, అల్వాల్ నుంచి వచ్చిన తల్లిదండ్రులకు, చాపల మీద కదలకుంట కూసున్న పిల్లలకు, ఇయ్యాల మన బడి ఆఫీసు నుంచి విరమణ తీసుకుంటున్న దుర్గాబాయి మేడమ్‌కు నా నమస్కారాలు.

నేను ఎలీషాను, లెక్కల మాస్టర్ని. నాకంటె ముందు మాట్లాడినోళ్లు మేడమ్ గురించి మస్తు చెప్పిండ్రు. ఇరవై ఆరేండ్లు ఆ ఫీజు కిటికీ ఎనుక కూసోని, ఫీజు కట్టనోడు వరండాల కనవడితె తండ్రి పేరుతోని సహా పిలిచేదని, ఒకసారి కరస్పాండెంట్ సారు మనుమనికి కూడ ఫీజు చిట్టీ పంపిందని. (నవ్వులు) సారు, మీరు ఇప్పుడు నవ్వుతున్నరు గని ఆ రోజు నవ్వలేదు. (పెద్దగా నవ్వులు)

నవ్వుకునే మాటలు నా దగ్గర ఇంతవరకే ఉన్నయి. ఇగ చెప్పేది మూడేండ్ల నుంచి ఎవరికీ చెప్పకుంట దాచిపెట్టుకున్నది. నా భార్య మనీషా ఆ మూడో వరుసల కూసున్నది. ఆమెకు కూడ ఇయ్యాల పొద్దుగాల్నే చెప్పిన.

రెండువేల ఆరుల సంగతి. కీసర దిక్కు పొలాలన్నీ ప్లాట్లయితున్న రోజులు. మా బామ్మర్ది దానియేలు నూటయాభై గజాల ప్లాటు చూపిచ్చిండు. పది వేలు బయానా ఇచ్చిన. నెల దినాలల్ల ఇంకో అరవై వేలు కడితె అగ్రిమెంటు, లేకుంటె బయానా పాయె. నా జీతం ఆరు వేల ఐదు వందలు. యాడికెల్లి తేవాలె? దానియేలే చెప్పిండు: "బావా, క్రెడిట్ కార్డు తీసుకో. అండ్లకెల్లి నగదు గుంజుకోవచ్చు."

పన్నెండు రోజులు నేను సికింద్రాబాద్ చుట్టూ తిరిగిన. పెట్రోలు బంకుల కాడ, పెద్ద దుకాణాల ముంగట గొడుగు వేసుకొని కూసున్న కార్డులోళ్లందర్ని ఒక్కటే అడిగిన: "మొదట్ల లిమిట్ ఎంతిస్తరు?" నా జీతం చెప్పంగనె పదిహేను వేలనెటోడు ఒకడు, ఇరవై అనెటోడు ఒకడు. "ఏడాది మంచిగ కట్టుండ్రి, పెంచుతం" అంటరు. నాకు ఏడాది లేదు, పద్దెనిమిది రోజులున్నయి. ఆఖరికి శ్రవణ్ అనే ఏజెంటు దొరికిండు. "సారు, లిమిట్ల సగమే నగదు వస్తది. మీకు అరవై కావాలంటె లక్షా ఇరవై లిమిట్ ఉండాలె. జీతం ఇరవై వేలని బడి కాయితం తెండ్రి, మిగిలింది నా జిమ్మా" అన్నడు.

మేడమ్ కాడికి వోయిన. ఆమె జీతాల రిజిస్టర్ మూసి నా మొఖం దిక్కు చూసింది. "ఎలీషా సారు, ఇరవై వేలని నేను రాస్త. మిగిలిన పదమూడు వేల ఐదు వందలు నెలనెలా ఎవరు తెచ్చిస్తరు?" అన్నది. నాకు కోపమొచ్చింది. నేను అడిగింది కాయితం, లెక్క కాదు గద అనుకున్న.

పిల్లలూ, ఇప్పుడు జర సక్కగ వినుండ్రి. రెండు రోజులైనంక మేడమ్ ఫీజు పైసలు బ్యాంకుల వెయ్యనీకి వోయింది. ఆ తొందరల సొరుగుకు తాళం వెయ్యలే. నేను బడి మొహరు తీసి కాయితం మీద గుద్దిన. జీతం ఇరవై వేలని నా చేత్తోని రాసిన. హెడ్‌మాస్టర్ సంతకం నేనే చేసిన. కాయితం శ్రవణ్ చేతిల పెట్టిన.



ఇంకో వారానికి ఆఫీసుల ఫోన్ మోగింది, నా జీతం నిజమా కాదా అని కార్డు బ్యాంకోళ్లు. నేను హాజరు సంతకానికి వోయి ఆడనే నిలవడ్డ. ఎత్తింది మేడమ్. "ఆ, మా మాస్టరే" అన్నది. తర్వాత, "ఎంతా? ఇరవై వేలా?" అన్నది. నా దిక్కు చూసింది. నేను చేతులు జోడించిన. అవును, జోడించిన. తల కూడ ఊపిన, ఊఁ అనమని. ఆమె రిసీవర్ మీద చెయ్యి పెట్టలేదు, నన్ను ఏం అడగలేదు. "ఆరు వేల ఐదు వందలు. గా కాయితం మా ఆఫీసు నుంచి రాలేదు" అని ఫోన్ పెట్టేసింది.

కార్డు రాలేదు. బయానా పోయింది. ఆమె నన్ను కాపాడిందని ఎవరన్న అనుకుంటరేమో, అది కూడ అబద్ధమైతది. గా ప్లాట్లు మోసం కాదు. కొన్నోళ్లకు ఇప్పుడు రెండింతల ధర పలుకుతాంది. అండ్ల నాకు లాభమే ఉండె. అయినా ఆమె చేసింది సరైన పని.

అసలు తప్పు తర్వాత జరిగింది. బ్యాంకోళ్లు ఆ కాయితం జిరాక్సు బడికి పంపి, మీ మొహరు బయటికెట్ల వచ్చిందని అడిగిండ్రు. కరస్పాండెంట్ సారు, మీకు యాదుంటది, మీరు మా ఇద్దర్ని పిలిపిచ్చిండ్రు. "నాకు తెలువదు సారు, ఏజెంటు ఓసారి ఆఫీసుకు వచ్చిండు, మేడమ్ సీట్ల లేనప్పుడు వాడే గుద్దుకొని వోయిండొచ్చు" అని నేను చెప్పిన. పచ్చి అబద్ధం. మీరు మేడమ్‌ను అడిగిండ్రు. జిరాక్సు ఆమె చేతులనే ఉండె. నా రాత ఆమెకు తెలువదా? ప్రతి నెల నా మార్కుల లిస్టులు చూసేటామె. కాయితం బల్ల మీద పెట్టి, "సొరుగుకు తాళం వెయ్యకపోవుడు నా తప్పే సారు" అన్నది. గంతే.

మెమో ఆమెకు పడ్డది. రెండేండ్ల ఇంక్రిమెంట్లు ఆగినయి. ఇయ్యాల ఆమె చేతికొచ్చే గ్రాట్యుటీ ఆ తగ్గిన జీతం మీద లెక్క కట్టిందే. నేను మాత్రం స్టాఫ్ రూముల ఆమెతోని మాట్లాడకుంట మూడేండ్లు తిరిగిన, తప్పు ఆమె చేసినట్టు.

మొన్న సోమవారం పోయి అడిగిన: "మేడమ్, ఆ రోజు నా పేరెందుకు చెప్పలేదు?" కట్టలు కడుతున్న పాత రిజిస్టర్ల నుంచి తల లేపకుంటనే అన్నది: "తాళం సంగతి నాది, నేను ఒప్పుకున్న. మొహరు సంగతి నీది సారు. నేను చెప్తే అది నువ్వు ఒప్పుకున్నట్టెట్లయితది?" నేను బయటికొచ్చి నల్లా కాడ మొఖం కడుక్కొని క్లాసుకు వోయిన. ఆ పూట ఏం పాఠం చెప్పిన్నో నాకు యాదికి లేదు.

ఏంది మేడమ్? కూసోమంటున్నరా? పిల్లలు చూస్తున్నరంటరా? చూడనియ్యండ్రి మేడమ్. మూడేండ్లు వాళ్లకు నేను, లెక్క తప్పితె కొట్టేసి మళ్ల చెయ్యుండ్రని చెప్పిన.

కరస్పాండెంట్ సారు, ఇదంతా నేను రాసి సంతకం చేసిన కాయితం ఇగో. ఈసారి సంతకం నాదే. జర చదువుండ్రి. నేను నిలవడుత.

(అధ్యక్షులు కాగితం చదువుతారు.)

సారు అంటున్నరు, మీ అందరికి ఇనవడకపోతె నేను చెప్త: మేడమ్ మెమో రద్దు, రెండు ఇంక్రిమెంట్లు కలిపి గ్రాట్యుటీ మళ్ల లెక్క కడతరట. (చప్పట్లు) ఆగుండ్రి, ఇంకోటి ఉన్నది. నా నౌకరి ఉంటదో వోతదో సోమవారం కమిటీ తేలుస్తదట. దానికి కూడ చప్పట్లు కొట్టుండ్రి, న్యాయమే అది.

మనీషా, పొద్దుగాల ఇదంత విన్నంక నువ్వు సభకు రావనుకున్న. వచ్చినవు.

నన్ను మాట్లాడనిచ్చిన పెద్దలకు, అన్నం చల్లారుతున్నా ఓపిక పట్టిన మీ అందరికి కృతజ్ఞతలు. మేడమ్, నన్ను వెయ్యమన్న ఆ దండ మీ మెడల వేసే అర్హత నాకు లేదు, గది అశ్రిత టీచర్ వేస్తది. తొమ్మిదో తరగతి పిల్లలూ, సోమవారం ఎవరు వచ్చి పాఠం చెప్పినా మంచిగ వినుండ్రి. నాకు ఇగ సెలవియ్యండ్రి.