పదిహేను మార్కుల తల్లి

ఊళ్లో ఏ ఇంట చూసినా పిల్లల్ని కంప్యూటర్ చదువుల్లో వేస్తున్న రోజులు. చేవెళ్లలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే పరమేష్, ఎంకపల్లిలోని తన ఇంటి అరుగు మీద పొద్దున్నే ప్రశ్నపత్రం ముందేసుకుని జవాబులు రాస్తున్నాడు. భార్య ఉమారాణి వాకిట్లో నీళ్ల పొయ్యి ముందు కూర్చుంది. కూతురు జ్యోతి ఇంకా లేవలేదనే అతను అనుకుంటున్నాడు.

“ఇంతకు నీ ప్రశ్నల ఉన్న ఆ తల్లి ఏం జేసిందో చెప్పు.”

“మొగుణ్ని సంపింది ఉమా. గ్రీకు నాటకం గదా, అండ్ల ఎవరో ఒకరు సావాలె.”

“ఊకెనే సంపిందా?”

“ఊకెనే గాదు. ఆయన రాజు. యుద్ధానికి పోవాలె, గాలి లేక పడవలు కదుల్తలేవు. గాలి కోసం కన్నబిడ్డను బలిచ్చిండు.”

“బిడ్డను అడిగిండా?”

“అడుగుతరా? పెండ్లి అని పిలిపిచ్చిండు.”

“పడవలు కదిలినయా?”

“కదిలినయ్. పదేండ్లకు గెలిచి ఇంటికొచ్చిండు. తానం జేస్తుంటె సంపింది. ఆమెకు శిక్ష పడాల్నా, వద్దా? పదిహేను మార్కులు.”

“ఎంతమంది రాస్తరు?”

“ఆరుగురు. అండ్ల ఇద్దరు బస్ పాస్ కోసం చేరిండ్రు. మిగిలినోళ్లు కంప్యూటర్ సీటు దొరకనోళ్లు. నేను గూడ అసొంటోన్నే అనుకో, ఇంకో నౌకరి దొరక్క సారునైన.”

“నువ్వేమంటవ్? పడాల్నా?”

“పడాలె. సంపుడు సంపుడే.”

“మరి బిడ్డను బలిచ్చినోనికి?”

“ఆయనకు… రాజ్యం ఉన్నది. నలుగురు ఏమంటరో అని గూడ ఉంటది గదా.”

“ఊరంత కంప్యూటర్ల ఏస్తుంటె సారు బిడ్డ బర్రెలకు సూదులేస్తదా అన్నట్టు.”

“జ్యోతి ముచ్చట ఇప్పుడెందుకు? పశువుల డాక్టర్ చదువుకు ఇంటర్వ్యూ కాయితమే రాలేదాయె.”

“రాలేదా?”

“రాలేదన్న గద.”

“మొన్న బూజు దులుపుతుంటె నీ గ్రీకు పుస్తకంలకెళ్లి పడ్డది.”

“…ఇరవై ఏండ్ల సంది ఆ పుస్తకం ఎవ్వరు తెరవలే ఉమా. నా స్టూడెంట్లు గూడ తెరవలే. గందుకే అండ్ల పెట్టిన.”

“జాగ మంచిదే సూసినవ్.”

“నవ్వకు. కనకమామిడి కాడ ఫాంహౌజ్ కట్టిన కంప్యూటర్ సారు అన్నడు, కంప్యూటర్ సదివితె రెండేండ్లల్ల కారు అని. నేను ఇంకా బస్సుల నిలబడి పోవట్టిన. నా బతుకు సూస్తె నాకే భయమైంది. బిడ్డ నా తీర్గ కావొద్దని…”

“కాయితం రాలేదని జ్యోతి మూడు రోజులు బర్రె కాడ కూసొని ఏడ్చింది.”

“తప్పే ఉమా. ఆ రాజు కంటె నేనేం తక్కువోన్ని గాదు. ఆయనకు పడవలన్న ఉండె.”

“మల్ల అడుగుతున్న. తల్లికి శిక్ష పడాల్నా?”

“వద్దు. పడితె ఆయనకే పడాలె. పాత జవాబు కొట్టేసి రాస్తున్న. జర జ్యోతిని లేపు, ఇంటర్వ్యూ ఈ దినమే. పదింటి వరకు తీస్కపోత.”

“మేనమామను తోడిచ్చి మొదటి బస్సుకే పంపిన.”

“సర్టిఫికెట్లు?”

“తీస్కపోయింది.”

“మంచిగయ్యింది. …మరి బీరువల కంప్యూటర్ కాలేజి సీటు కాయితం పెట్టిన, అది ఉన్నదా?”

“దాంతోనే పొయ్యి అంటువెట్టిన. నీళ్లు కాగినయ్, తానానికి లే.”