గుర్రం దిగని పంతులమ్మ

1986 సెప్టెంబరు ఒకటవ తేదీన మా నారిన్ కొండల పాఠశాలలో గణితోపాధ్యాయినిగా చేరి, మేమందరం ‘ఎజే’ అని, అంటే అక్కా అని, పిలుచుకునే శ్రీమతి జూరాకాన్‌గారు నేడు పదవీ విరమణ చేస్తున్నారు.

వేసవి మేతకు పైకి వెళ్లిన కుటుంబాలు సెప్టెంబరు వచ్చినా దిగకపోతే, ఎజే స్వయంగా గుర్రమెక్కి వెళ్లి పిల్లలను బడికి తీసుకువచ్చేవారు. ఎనిమిదో తరగతిలో నా లెక్కలు చూసి, “ఒరేయ్ కుబాత్, నువ్వు వంతెనలు కట్టాలిరా. గొర్రెలదేముంది, వాటంతటవే నడుస్తాయి” అన్నారు. ఆ మాటతో నాకు వంతెనలు తప్ప వేరే దారి కనబడలేదు.

1993లో అందరి మందలూ ఉమ్మడిగా ఉండే ప్రభుత్వ సమష్టి క్షేత్రం రద్దయి, మా వాటా గొర్రెలు మాకు వచ్చాయి. ఆ సెప్టెంబరులో నాన్న నన్ను కిందికి బడికి పంపలేదు. ఎజే పగలంతా ప్రయాణించి మా గుడారానికి వచ్చారు. నాన్న గౌరవంగా గొర్రెను కోశారు. భోజనమయ్యాక, “పంతులమ్మా, మా ఉప్పు తిన్నారు. ఇక వీణ్ణి అడక్కండి. మందకు మనిషి లేడు” అన్నారు. తిన్న ఇంట యజమాని మాట కాదనడం మాలో లేదు. ఎజే తలవంచుకుని ఒంటరిగా దిగిపోయారు. నా చదువు అక్కడితో సరి.

మరుసటి ఏటినుంచి, బడికి రావలసిన బిడ్డను గుర్రమెక్కించనిదే వారు తమ గుర్రం దిగలేదు, మంచినీళ్లయినా ముట్టలేదు.

“ఏం ఎజే, మా మాంసంలో విషముందా?” అని కాపరులు ఎత్తిపొడిచేవారు.

“మాంసంలో లేదయ్యా, మీ మర్యాదలో ఉంది.”

అలా కొండ దిగి బడికి వచ్చిన వారిలో నేడు వైద్యులున్నారు, వంతెనలు కట్టే ఇంజనీరూ ఉన్నారు. నేను 2008లో ఇదే బడికి డ్రైవరుగా వచ్చి, ఏటా ఎజేను రోడ్డు ఉన్నంతవరకూ పైకి తీసుకువెళ్లాను. ఒకసారి దారిలో, “ఆ రోజు మీ నాన్నను అడిగేదాకా తినకుండా ఉండాల్సిందిరా” అన్నారు.

“ఆకలి మీద ఉన్నారు, వేడి మాంసం పెట్టారు. ఎవరాగుతారు ఎజే?”

“నవ్వుతావేం?”

“ఏడిస్తే బండి నడపలేను.”

నన్ను పోగొట్టుకుని నేర్చుకున్న నియమంతో వారు ఎందరినో నిలబెట్టారు. సంతోషమే. కానీ ఆ నియమం ఒక్క ఏడాది ముందు పుట్టలేదే అన్న బాధ నాకు పోలేదు, పోతుందని అబద్ధం రాయను. దాన్ని నేను మోసుకుంటాను. ఎజే మాత్రం తమ వంతు ఇక్కడే దించివేసి, పూర్ణారోగ్యంతో నిండు నూరేళ్లు జీవించాలనీ, ఇకపై ఏ ఇంటికి వెళ్లినా ఎవరినీ ఏమీ అడగనక్కరలేని అతిథిగా, నిశ్చింతగా కడుపునిండా భోంచేయాలనీ మనసారా కోరుకుంటున్నాను.