నిన్నటికే పని అందించిన ఇలైతియా

శనివారం మధ్యాహ్నం జగ్దేవ్ కొట్టు అరుగు మీద చాప పరుచుకుని కావా గిన్నె చుట్టూ చేరాం. ఫిజీలోని మా తవెయూని దీవిలో వాన పడని శనివారం దొరకడమే కష్టం, దొరికిందంటే ఎవడూ ఇంట్లో ఉండడు. గిన్నెలో కాస్త మత్తిచ్చే కావా వేరు పొడిని నీళ్ళతో పిసుకుతున్నది మనోవా కూతురు సలోటే. హోటల్ మూతపడి రిసెప్షన్ ఉద్యోగం పోయిన దగ్గర్నుంచీ ఇంటిపట్టునే ఉంటోంది. అదే హోటల్లో వ్యాను తోలిన ఇలైతియా పనీ ఆ రోజే పోయింది. అతను మనోవాకి బావ, సలోటేకి మేనత్త మొగుడు.

మొదటి కొబ్బరిచిప్ప ఇలైతియాకే ఇచ్చింది. ఆచారం ప్రకారం ఒక చప్పట కొట్టి, గటగటా తాగేసి, మూడు చప్పట్లు కొట్టి మూతి తుడుచుకున్నాడు. ఇక ఆపడం ఎవడి తరం?

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాను, మీకందరికీ తెలుసు. హోటల్ పోయింది, సరే, ఏడుస్తూ కూర్చోమంటారా? ఈ ఆన్‌లైన్ పనుల సంత ఉంది చూశారూ, అందులో పేరు రాయించుకున్నా. ఫోటో పెట్టమన్నారు. పైన చర్చికి వేసుకునే కోటు, కింద ఇంట్లో లుంగీలా కట్టుకునే సులు. ఫోటోలో కింద భాగం రాదుగా! పెట్టిన పావుగంటకి డెన్మార్క్ నుంచి హెన్రిక్ అని ఒకాయన, 'అయ్యా, మా కంపెనీ వానకోట్ల గురించి ఇరవై ముక్కలు రాసిపెట్టండి' అన్నాడు. వాన గురించి తవెయూని వాడికి ఒకడు చెప్పాలా? రాసి పడేశా. అయిదు నక్షత్రాలు ఇచ్చాడు."

"బాగానే ఉంది," అన్నాడు జగ్దేవ్. "ఇంతవరకూ నమ్మొచ్చు."

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? హెన్రిక్ ఊరుకోక వాళ్ళ ఊరంతా చెప్పేశాడు. తెల్లారేసరికి నాలుగొందల మంది! చేతులు రెండే, ఏం చెయ్యను? కాలివేళ్ళు కూడా దించా. ఆ వేగానికి మీటల మీద అక్షరాలు అరిగిపోయాయి, అయినా వేళ్ళకి దారి తెలుసు కదా. కంప్యూటర్ కాలిపోతోంది. మా ఆవిడ చూసి, 'ఎందుకు వేడి వృథా చేస్తావు' అని కర్రపెండలం కుండ తెచ్చి దాని మీదే పెట్టింది. వారం రోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదంటే ఒట్టు!"

"పెండలం ఉడికిందా బావా?" అనడిగాడు మనోవా. పాపం, నిజంగానే అడిగాడు.

"ఉడకడమా, వెన్నముద్ద! అదేం చూశావు. నా మాటలన్నీ సముద్రం అడుగున తీగలోంచి పోవాలి కదా, అది వేడెక్కిపోయింది. పోయిన నెల మన ఒడ్డున చేపలు పైకి తేలాయి, గుర్తుందా?"

"లేదు," అన్నాను నేను.

"నువ్వు నిద్రపోతున్నావులే. తేలినవి తేలినట్టు ఉడికి ఉన్నాయి. నిమ్మకాయ పిండుకుని తినేయడమే. అదలా ఉంచండి. అసలు పరీక్ష జర్మనీ నుంచి వచ్చింది. ఉల్రికే అని ఒకావిడ, మహా గయ్యాళి. పెద్ద పని ఇచ్చి, 'ఎప్పటికి కావాలమ్మా?' అంటే, 'నిన్నటికే కావాలి' అంది. లోకంలో ఉన్న ఫ్రీలాన్సర్లంతా చేతులెత్తేశారు. నేను మాత్రం కంప్యూటర్ చంకన పెట్టుకుని, తేదీ మారే నూట ఎనభయ్యో రేఖాంశం బోర్డు ఉంది కదా మన ఊళ్ళో, అక్కడికి నడిచా. రేఖకి ఇవతల ఇవాళ, అవతల నిన్న! తూర్పుకి ఒక్క అడుగు వేశా, నిన్నలోకి పడ్డా, పని పంపేశా. ఆవిడ గడియారం చూసుకుని కుర్చీలోంచి కింద పడిపోయింది!"

"ఆ బోర్డు దగ్గర మా ఆవు రోజూ మేస్తుంది," అన్నాడు జగ్దేవ్ తాపీగా. "అటు మేసినా ఇటు మేసినా ఏ రోజు పాలు ఆ రోజే ఇస్తోంది."

"ఆవుకి ఇంటర్నెట్ లేదు కదయ్యా! వినండి ముందు. ఆఖరికి ఆ సంత యజమానే ఫోన్ చేశాడు. గొంతులో ఏడుపు. 'ఇలైతియా గారూ, లోకంలో పనంతా మీ దగ్గరికే వచ్చేస్తోంది. మిగతా రెండు కోట్ల మంది పస్తులున్నారు, ఒక్క వారం ఆగండి' అన్నాడు. నాకా జాలిగుండె. సరేనన్నా. అందుకే ఈ వారం మీకిలా ఖాళీగా కనబడుతున్నా."

మేమంతా పగలబడి నవ్వాం. మనోవా నవ్వలేదు.

"బావా, నేను నిర్ణయించేసుకున్నా," అన్నాడు. "సోమవారం పడవ ఇంజను అమ్మేస్తా. చేపలు నన్ను ముసలాణ్ణి చేసేశాయి. కంప్యూటర్ కొనుక్కుంటా, నన్నూ నీ పక్కన కూర్చోబెట్టుకో."

ఇలైతియా చాప అంచు పీకాడు. "దానికేముంది..." అని నసిగాడు. మనోవా ఇంటికి ఆ ఇంజనే కూడూ గుడ్డా.

సలోటే చిప్ప కింద పెట్టింది.

"నాన్నా, ఇంజను అమ్మొద్దు."

"నీకేం తెలుసే ఆ పనుల గురించి?"

"తెలుసు. పోయిన వారం నాకూ అక్కడే మొదటి పని దొరికింది. పని నిలబడ్డాక చెబుదామని ఆగాను. ఆక్లాండ్‌లో ఒకావిడ నాలుగైదు కంపెనీలకి మనుషుల్ని వెతికిపెడుతుంది. వచ్చిన దరఖాస్తులు నేను చదవాలి, కుదరని వాళ్ళకి మర్యాదగా జవాబు రాయాలి. ఇప్పటికి అరవై రెండు రాశాను." ఇలైతియా వైపు చూసింది. "అందులో పదకొండు మామయ్యవి."

సలోటే మళ్ళీ తండ్రి వైపు తిరిగింది.

"కుక్కలకి చొక్కాలు డిజైన్ చేసే పనికి, 'ఏ రకం వ్యాన్ అయినా తోలగలను' అని రాశాడు. ఇంకోటి 'పూజ్యులైన పాస్టర్ గారికి' అని మొదలైంది."

ఎవరూ నవ్వలేదు. ఇలైతియా సముద్రం వైపు తిరిగాడు. "గురువారం జవాబు వచ్చిందే," అన్నాడు మెల్లగా, "'మీ ఉత్సాహం మాకెంతో నచ్చింది, ఈసారికి మాత్రం కుదరలేదు' అని..."

"నేను రాసిందే మామయ్యా."

"మీ అత్తకి రెండుసార్లు చదివి వినిపించాను. చూడవే, వాళ్ళకి నేనంటే ఎంత మర్యాదో అని."

సలోటే చిప్ప నింపి రెండు చేతులా అతనికి అందించింది. "ఉత్సాహం నచ్చిందన్న మాట నిజమే. అందరికీ రాయను అది. సోమవారం పొద్దున రా, పన్నెండోది ఇద్దరం కూర్చుని రాద్దాం. పడవల గురించీ వానల గురించీ రాయమనేవాళ్ళు కూడా ఉన్నారు."

ఇలైతియా తాగి, చప్పట్లు కొట్టి, గొంతు సవరించుకున్నాడు.

"సోమవారం నాకు బోలెడు పనులున్నాయి," అన్నాడు.

సలోటే ఖాళీ చిప్ప అందుకుంది.

"ఎనిమిదింటికైతే వస్తా."