గళ్ల చొక్కా బొమ్మ

కళ్యాణదుర్గం, 2003. అతావుల్లా వాచీల కొట్టు. వెనక గదిలో ఆయన భార్య అమీర్ బీ టీ కాస్తోంది. మర్నాడు జరిగే ఉస్తాద్ అతావుల్లా సంస్మరణ సభ కోసం, గాజుపెట్టెలో ఉమాదేవి చేసిన ఆ కొట్టు నమూనా మీదికి వంగి చూస్తున్నాడు సురేంద్ర.

“అబ్బా, ఉమా! అచ్చం ఉస్తాదే. ఆ వంగిన నడుము, కంటికి ఆ బుడ్డ భూతద్దం... దేంతో చేసినావు దాన్ని?”

“పగిలిన వాచీ అద్దంతో అన్నా. ఈ కొట్టులోదే.”

“గోడ గడియారాలకు ముళ్లు గూడా పెట్టినావే! ఈ చిన్నబొమ్మల పిచ్చి మన తట్టు మొదలుపెట్టిందే ఆయన. నీకు నేర్పించె, నాకు నేర్పించె. రేపు మైకులో అదే చెప్తా. నా గురువని చెప్తా.”

“చెప్పన్నా. ఈసారైనా చెప్పు.”

“ఈసారైనా అంటే?”

“ఏం లేదు. బాగా చూడు. నువ్వే కదా చేయమంటివి.”

“చూస్తాండా కదా. కొట్టు వెనకాల పెరడు గూడా చేసినావు. తడిక, దండెం... ఇదెవరు? ఈ గళ్ల చొక్కా వాడు?”

“ఎవడో. ఉస్తాద్ పనిలో మునిగి ఉంటే వెనక వాకిట్లోంచి పోతాండాడు.”

“చంకలో ఏందది? దాని మీద దుప్పటి కప్పి...”

“ఎత్తి చూడు. దుప్పటి ఊడొస్తాది.”

“ఊడొచ్చె. ఇది...”

“ఏందన్నా అది?”

“రైలు.”

“రైలే. గుంతకల్లు స్టేషనూ, గడియారం స్ప్రింగులతో ఉస్తాద్ నడిపిన రైలూ. హైదరాబాదు పోటీలో నీకు బంగారు పతకం తెచ్చిపెట్టిన రైలు.”

“నోరు జాగ్రత్త ఉమా! అది నేను చేసింది. పేపర్లో నా ఫోటో పడినాది.”

“ఫోటో నీదే. రైలు ఆయనది.”

“ఆయన ఎప్పుడైనా అన్యాడా? ఒక్క మాట? ఎవరితోనైనా?”

“అనల్యా. నేను ఆ పేపరు తెచ్చి చూపిస్తే, బాగుండాది అన్యాడు. అంతే. ఆ దినం నుంచి బొమ్మల జోలికి పోల్యా. నువ్వేమో ఉస్తాదుకు కండ్లు మసకలొచ్చినాయని ఊరంతా చెప్పితివి. మసకలొచ్చిన కండ్లతో సచ్చేదాకా వాచీలెట్ల బాగుచేసినాడన్నా?”

“అది... వాచీలు వేరే. ఇంగ ఆ పాత కతలు ఎందుకిప్పుడు? మడిసే పాయె.”

“మడిసి పాయె కాబట్టే.”

“ఏం గావాల్ల నీకు? చెప్పు. మన బొమ్మల సంఘంలో పదవి గావాల్నా?”

“ఏమీ వద్దు. రేపు నువ్వు మైకు పట్టుకొని ‘నా గురువు’ అంటాంటే, జనం ఒకసారి నీ మొగం చూడల్ల, ఒకసారి ఆ బొమ్మ మొగం చూడల్ల. నేను ముందర వరసలో కూచోని వాళ్లను చూస్తాంటా.”

“ఇది నివాళి అంటారా ఎవురైనా? పగ ఇది!”

“పగే. కాదని ఎవరన్యారు?”

“ఎవరో ఏదో చెవిలో ఊదితే నమ్మి ఇంత పని చేస్తావా? చూసినోళ్లు యాడుండారు? ఆ పొద్దు పెరట్లో నరపురుగు లేదు!”

“ఏమంటివి?”

“ఏమీ అనల్యా.”

“పెరట్లో నరపురుగు లేదంటివి. ఆ పొద్దు అంటివి.”

“ఉమా... ఉమా, ఇను. గొంతు తగ్గించు. పెద్దోళ్లంతా వస్తాండారు రేపు. ఒక్క బొమ్మ. ఆ ఒక్క బొమ్మ తీసెయ్. మిగతాదంతా ఉండనీ.”

“తీయను.”

“నా కోసం గాదు. అమీర్ బీ అమ్మ కోసం. రేపు తెర తీసేది ఆయమ్మే. నన్ను బేటా అని పిలుస్తాది. మొన్న రంజాన్‌కు గూడా పక్కన కూచోబెట్టుకొని తినిపించినాది. పాపం, ఆమెకేమీ తెలీదు. ఇది చూస్తే గుండె పగిలి సస్తాది.”

“ఆయమ్మ మాట ఎత్తొద్దు.”

“ఎత్తుతా! ముసలామె కండ్ల ముందర ఈ గలీజు పెడ్తావా? నీకు చేతకాకపోతే నేనే పీకి—”

“చెయ్యి తీ! తీ అన్నా చెయ్యి!”

“బేటా.”

“అమ్మా! ఏం లేదమ్మా. ఊరికే... ఈ ఉమ ఏదో పిచ్చి బొమ్మ పెట్టినాది. నువ్వు చూడొద్దు, లోపలికి పో.”

“టీ సల్లారిపోతాది, పట్టుకో. ఉమను తిట్టొద్దు.”

“తిట్టేదేముందమ్మా, ఆ బొమ్మ సరిగా రాల్యా, మార్చమంటాండా...”

“ఎట్ల రాల్యా? ఆ మొగం దిద్దలేక ఉమ నాకిచ్చినాది. నేను చేసినా.”

“నువ్వా?”

“ఆ పొద్దు తడిక చాటున నీళ్లు పోసుకుంటాంటి. సందులోంచి నిన్ను చూస్తి, ఒంటిమీద గుడ్డ లేక బయటికి రాలేకపోతి. పిల్లోని బతుకు పాడైతాది, తాను బతికుండగా నోరు తెరవొద్దని ఉస్తాద్ నాతో ఒట్టు పెట్టించుకున్యాడు.”

“అమ్మా... మరి ఇన్ని దినాలు నన్ను బేటా అని...”

“ఆయన బతికుండె కదా. టీ తాగు. రేపు తెర నేను తీస్తా, నువ్వు నా పక్కనే నిలబడల్ల.”