శుచి మీద ప్రసంగం

జపాన్‌లోని నగానోలో మంచు కురుస్తున్న సాయంత్రం స్కీ గైడు ఇల్లు చేరాడు. భార్య టీ పోసింది.

"పొద్దున కొండమీద స్కీయింగ్ బాగా సాగింది. మధ్యాహ్నం గుళ్లో నా ప్రసంగం ఇంకా బాగా సాగింది."

"దేని గురించండీ?"

"శుచి గురించి. బాత్రూంలో వేసుకోవడానికి విడిగా పెట్టిన చెప్పులు బయటికి రాకూడదని అరగంట దంచాను. నేను తీసుకెళ్ళిన ఆస్ట్రేలియా టూరిస్టులు పన్నెండుమందీ తలలు వంచుకుని విన్నారు. ఒకామెకి కన్నీళ్ళు కూడా వచ్చాయి."

"అబ్బో, అంత భక్తే!"

"నేనూ అలాగే అనుకుని పొంగిపోయాను. తీరా చూస్తే, వాళ్ళు నవ్వాపుకుంటూ నా కాళ్ళు చూస్తున్నారు. అంతకుముందు బాత్రూంకి వెళ్ళానా, ఆ చెప్పులతోనే వచ్చేశాను."

"అయ్యయ్యో! పూజారి ఏమన్నాడు?"

"అనడమెందుకు, గుడ్డ పట్టుకుని నా వెనకే అడుగడుగూ తుడుచుకుంటూ వచ్చాడు. అలా వెనకే తుడవడం మా ప్రాచీన ఆచారమని వాళ్ళకి అప్పటికే చెప్పేశాను."